మందు ఒకచోట, తోడు ఇంకోచోట: ఓరుగల్లు ప్రాంతంలో హెచ్‌ఐవీ ఉన్న కుటుంబాలు ఏ సహాయాన్ని ఎలా ఎంచుకోవాలి

పరకాల వైపు నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చే ఒక అక్క, మాత్రల డబ్బా చేతికి అందగానే ఒక మూలకు వెళ్లి మూత తీసి, లోపల ఇంత దూది కుక్కి, మళ్లీ బిగించి సంచి అడుగున పెట్టుకుంటుంది. బస్సు కుదుపుకు మాత్రలు గలగలమంటే పక్కన కూర్చున్నవాళ్లు "ఏం గోళీలు?" అని అడుగుతారని ఆమె భయం. డబ్బాలో ఉన్నవి రోజుకొకటి చొప్పున నెలకు సరిపడే ముప్పై మాత్రలు. అవి ఆమెకు ఉచితంగానే అందుతున్నాయి, ఒంట్లోనూ బాగానే ఉంది. ఎటూ తేల్చుకోలేనివి మిగతా సంగతులు. పింఛనుకు దరఖాస్తు పెడితే ఊళ్లో తెలిసిపోతుందా, భర్త పోయాక మరిది భూమిలో వాటా లేదంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి, "ఈ గోళీ రోజూ ఎందుకమ్మా" అని పదేళ్ల కొడుకు అడిగితే ఏం చెప్పాలి అన్నవి ఆమెను తినేస్తున్న ప్రశ్నలు.

ఇలాంటివారి వెంట ఆసుపత్రికీ కార్యాలయాలకీ తోడు వెళ్లడం కొన్నేళ్లుగా నా పని. సహాయం చేసే చోట్లు మన దగ్గర లేకపోలేదు. ఏ అవసరానికి ఏ చోటు తగినదో తెలియక అందరినీ అన్నిటికీ అడిగి విసిగిపోవడమే ఎక్కువగా చూశాను. అందుకే వాటిని పక్కపక్కన పెట్టి చూపే ప్రయత్నం ఇది.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది గుట్టు. ఆ చోటికి వెళ్తే మనల్ని ఎవరు చూస్తారు, మన పేరు ఏ రిజిస్టరులో ఎక్కుతుంది, ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుంది అన్నది. రెండోది దూరం, అంటే కిలోమీటర్లతో పాటు పోయే కూలి కూడా. మూడోది నిలకడ: ఈ సేవ వచ్చే ఏడాది కూడా ఉంటుందా, లేక ఎవరో ఇచ్చే నిధులు ఆగగానే మూతపడుతుందా. నాలుగోది, అక్కడివారికి నిజంగా చేతనైన పని ఏమిటి. ఓదార్పు మాట చెప్పగలవారందరూ పింఛను ఇప్పించలేరు, పింఛను ఇప్పించగలవారందరికీ ఓదార్చే తీరిక ఉండదు. ఐదోది, ఆ సేవ మన ఒక్కరికేనా, ఇంట్లోని భార్యకో భర్తకో పిల్లలకో కూడా వర్తిస్తుందా.

ఈ ఐదింటికీ అన్నిచోట్లా ఒకే తూకం వేయకూడదన్నది నా అభిప్రాయం. మందుల విషయంలో నిలకడనూ దూరాన్నీ ముందు చూడాలి, ఎందుకంటే అక్కడ ఒక్క నెల తప్పినా నష్టం శరీరానికే. తోడు కోసం వెళ్లేచోట గుట్టును ముందు చూడాలి. డబ్బు సాయం దగ్గర, మన గురించి అతి తక్కువ అడిగే దారి ఏదో వెతుక్కోవాలి. చాలామంది అన్నిటికీ గుట్టునే మొదట పెట్టుకుని, ఆ భయంతో మందుల దగ్గర దెబ్బతింటున్నారు.

మందులు: పెద్ద సెంటరా, దగ్గరి సెంటరా, పక్క జిల్లానా

దేశంలో ఉచిత ఏఆర్‌టీ మందులు, అంటే ఒంట్లో హెచ్‌ఐవీని అణచి ఉంచే మందులు, 2004 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. 2017 నుంచి సీడీ ఫోర్ సంఖ్యతో (రక్తంలోని రోగనిరోధక కణాల లెక్కతో) నిమిత్తం లేకుండా, హెచ్‌ఐవీ ఉన్నట్లు నిర్ధారణ అయినవారందరికీ మందులు మొదలుపెడుతున్నారు. ఉమ్మడి వరంగల్ ప్రాంతానికి ఎంజీఎంలోని ఏఆర్‌టీ సెంటర్ పెద్ద దిక్కు. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, ఖమ్మంలోనూ ఏఆర్‌టీ సెంటర్లు ఉన్నాయి. వీటికి అనుబంధంగా కొన్ని చిన్న ఆసుపత్రులలో లింక్ ఏఆర్‌టీ సెంటర్లు నడుస్తాయి.

పెద్ద సెంటర్‌లో డాక్టరు, కౌన్సెలర్, మందుల కౌంటర్ ఒకేచోట ఉంటారు, టీబీ పరీక్షకూ ఇతర విభాగాలకూ అదే ఆవరణలో వెళ్లవచ్చు. కొత్తగా మందులు మొదలుపెట్టేవారు, టీబీ కూడా ఉన్నవారు, గర్భిణులు, చిన్నపిల్లలు, మందులు వాడుతున్నా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) తగ్గనివారు దూరమైనా పెద్ద సెంటర్‌కే వెళ్లడం మంచిది. లింక్ సెంటర్ పని వేరు. అక్కడ మందులు మొదలుపెట్టరు. పెద్ద సెంటర్‌లో కుదురుకున్నవారికి నెలనెలా ఇంటికి దగ్గరలో మందులు అందిస్తారు. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు దాదాపు వంద కిలోమీటర్లు. మిర్చి ఏరే రోజుల్లో అక్కడి కూలీకి ఒక రోజు పోవడమంటే సీజన్ సంపాదనలో కోతే. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ (ఉచిత ప్రయాణం) ఉంది కాబట్టి వారికి చార్జీల బాధ తప్పింది గానీ, మగవారికి రానూపోనూ ఖర్చు, ఇద్దరికీ రోజు కూలి నష్టం అలాగే ఉన్నాయి.

అయితే దగ్గరి సెంటర్‌లోనే గుట్టు చిక్కు ఎక్కువ. నాకు తెలిసిన ఒకాయన, లింక్ సెంటర్ వరండాలో తన ఊరి అటెండర్ కనిపించాడని ఇక అక్కడికి వెళ్లడం మానేశాడు. "ఎవలన్న చూస్తే బిడ్డ పెండ్లి ఆగుతదన్నా" అన్నాడు. ఎవరికీ చెప్పకుండా పక్క జిల్లాకు వెళ్లి చూశాడు, అక్కడ పాత కాగితాలు అడిగారు, అవి తేవడానికి తిరగలేక నాట్ల సమయంలో రెండు నెలలు మందులే వేసుకోలేదు. ఆయన భయం తప్పని నేను అనను. చేసిన పద్ధతి తప్పు. ఒక సెంటర్ నుంచి మరో సెంటర్‌కు మారే హక్కు ఉంది, దానికి ట్రాన్స్‌ఫర్ కాగితం రాసి ఇస్తారు, మాత్రలు ఎక్కడైనా అవే. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి ఒకేసారి రెండు మూడు నెలల మందులు ఇచ్చే వెసులుబాటు కూడా ఉంది. సంవత్సరంలో పన్నెండు సార్లు కనిపించే బదులు నాలుగైదు సార్లే కనిపించడం గుట్టుకూ మేలు, కూలికీ మేలు. దూరపు సెంటర్‌ను ఎంచుకునేవారు ఈ వెసులుబాటు తమకు వర్తిస్తుందో లేదో కౌన్సెలర్‌ను అడిగాకే నిర్ణయించుకోవాలి.

వైరల్ లోడ్ పరీక్ష మందులు మొదలుపెట్టిన ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి, ఆ తరువాత ఏటా చేస్తారు. అందులో వైరస్ కనిపించనంతగా తగ్గి అలాగే నిలబడితే, లైంగికంగా భాగస్వామికి సోకదు. భార్యాభర్తల్లో ఒకరికే ఉన్న ఇళ్లలో ఈ ఒక్క సంగతి కౌన్సెలర్ నోట ఇద్దరూ కలిసి వింటే ఇంటి వాతావరణమే మారడం చూశాను.

తోడు: కేర్ అండ్ సపోర్ట్ సెంటర్లు, నెట్‌వర్క్ సంఘాలు

2013లో విహాన్ పేరుతో దేశవ్యాప్తంగా మొదలైన కార్యక్రమం కింద కేర్ అండ్ సపోర్ట్ సెంటర్లు వచ్చాయి. మందులు మానేసినవారిని వెతికి మళ్లీ తీసుకురావడం, కుటుంబంతో మాట్లాడటం, పథకాల దరఖాస్తులకు సాయపడటం, సపోర్ట్ గ్రూప్ సమావేశాలు పెట్టడం వీటి పని. వాడుకలో వీటిని సీఎస్‌సీ అంటారు. ఆధార్, మీసేవ పనులు చేసే కొన్ని దుకాణాల మీదా అవే మూడక్షరాలు ఉంటాయి. పొరపాటున అక్కడికి వెళ్లి "సపోర్ట్ గ్రూప్ ఎప్పుడు సార్" అని అడిగి, ఆ కుర్రాడు తెల్లబోతే తాను కూడా తెల్లబోయి వచ్చిన మనిషి ఒకరు నాకు తెలుసు. ఏఆర్‌టీ కౌన్సెలర్‌ను అడిగి సరైన చిరునామా రాయించుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

నెట్‌వర్క్‌లు హెచ్‌ఐవీ ఉన్నవారే నడుపుకునే సంఘాలు. వీటి బలం అనుభవం. మొదటి నెల తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, అత్తగారింట్లో మాత్ర ఎక్కడ దాచాలి అన్నవాటికి పదేళ్లుగా మందులు వాడుతున్న మనిషి ఇచ్చే జవాబు డాక్టరు మాట కన్నా త్వరగా నాటుకుంటుంది. గుట్టు విషయంలో చాలామంది అనుకునేదానికి భిన్నంగా, ఇక్కడ భయం తక్కువ: ఎదుట కూర్చున్నవారి గుట్టూ మన చేతిలో ఉంటుంది. అయినా పల్లెల్లో బంధుత్వాలు గొలుసుకట్టుగా ఉంటాయి కాబట్టి, మొదటిసారి సమావేశానికి వెళ్లకుండా ఒక్కరితో విడిగా మాట్లాడతానని అడగడం మేలు.

రెండింటి లోపం నిలకడే. నిధులు వస్తే కార్యకర్త ఇంటికి వస్తారు, ఆగితే ఫోను కూడా ఎత్తరు. హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ ఎంత పేరు తెచ్చుకున్నా, అమెరికా నిధులు నిలిచిపోవడంతో 2025 జనవరిలో ఆగిపోయింది. అందువల్ల మాటకూ ధైర్యానికీ వీరి మీద ఆధారపడవచ్చు గానీ, మీ ఏఆర్‌టీ పుస్తకం, పరీక్షల కాగితాలు, బ్యాంకు పాసుపుస్తకం మాత్రం ఎంత నమ్మకస్తులైనా వారి దగ్గర వదిలిపెట్టకండి.

ఎవరి ముఖమూ చూడలేననుకునేవారికి 1097 ఉంది. ఉచిత జాతీయ హెల్ప్‌లైన్, పేరు చెప్పనక్కరలేదు. సమాచారానికి చాలు, అంతకు మించి ఆశించవద్దు.

డబ్బు: ఏ పేరుతో తీసుకోవాలి

తెలంగాణలో 2014 నవంబరులో మొదలై, ఇప్పుడు చేయూతగా పిలుస్తున్న ఆసరా పింఛన్ల జాబితాలో హెచ్‌ఐవీ బాధితులూ ఉన్నారు. నెలకు 2,016 రూపాయలు. చాలామంది గమనించని విషయం ఏమిటంటే, వితంతువులకు, ఒంటరి మహిళలకు, బీడీ కార్మికులకు, చేనేత కార్మికులకు, గీత కార్మికులకు, వృద్ధులకు కూడా ఇచ్చేది అదే 2,016. భర్త చనిపోయిన మహిళ వితంతు పింఛను తీసుకుంటే రూపాయి తగ్గదు, దరఖాస్తులో హెచ్‌ఐవీ మాటే రాదు. సిరిసిల్ల, జగిత్యాల వైపు పీఎఫ్ ఖాతా ఉన్న బీడీ కార్మికురాలికీ ఇదే లెక్క. కాబట్టి మీకు వర్తించే మరో అర్హత ఉంటే ముందు దాన్నే ఎంచుకోండి. అవేవీ వర్తించని నడివయసు మగవారికి, పెళ్లికాని యువకులకు మాత్రమే హెచ్‌ఐవీ కోటా అక్కరకు వస్తుంది. వారు దరఖాస్తు ఎవరెవరి చేతుల మీదుగా పోతుందో, డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుందా పోస్టాఫీసులో ఇస్తారా అన్నది ముందే ఏఆర్‌టీ కౌన్సెలర్ దగ్గర తెలుసుకుని అడుగు వేయాలి.

టీబీ కూడా ఉన్నవారికి చికిత్స జరిగినన్నాళ్లు నిక్షయ్ పోషణ్ యోజన కింద పోషకాహారం కోసం నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. 2024 నవంబరు వరకు అది 500గా ఉండేది. టీబీ రిజిస్టరులో పేరు ఎక్కినా హెచ్‌ఐవీ సంగతి ఊరికి తెలియనక్కరలేదు. అంత్యోదయ కార్డు ఉన్న కుటుంబానికి నెలకు 35 కిలోల బియ్యం వస్తాయి, కార్డుల జాబితాలో నిరుపేద హెచ్‌ఐవీ కుటుంబాలకు ప్రాధాన్యం ఇవ్వాలన్న ఆదేశం ఉంది. దాన్ని సాధించడానికి తిరగవలసిన తిరుగుళ్లు మాత్రం ఎక్కువ.

హక్కు: మాటతో తేలనప్పుడు

ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో, నేను తోడు వెళ్లిన ఒక బాలింత ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో పెద్ద అక్షరాలలో ఆమె స్థితి రాసి, ఆ ఫైలును మంచం చివర తగిలించారు. చూడటానికి వచ్చిన ఆడబిడ్డ దాన్ని చదివింది. అప్పుడు మా దగ్గర ఏడుపు తప్ప ఆయుధం లేదు. ఇప్పుడు ఉంది: 2017లో పార్లమెంటు ఆమోదించిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. అనుమతి లేకుండా పరీక్ష చేయడం, స్థితిని బయటపెట్టడం, ఉద్యోగంలో, బడిలో, వైద్యంలో, అద్దె ఇంటిలో వివక్ష చూపడం ఆ చట్టం ప్రకారం కుదరదు. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే వైద్యసంస్థల్లో, వంద మందికి తగ్గకుండా ఉన్న ఇతర సంస్థల్లో ఫిర్యాదుల అధికారి ఉండాలి. చట్టం ఉల్లంఘనలపై రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారికి, ఫిర్యాదు చేయవచ్చు.

ఆస్తి, భరణం, ఇంటి నుంచి గెంటివేత వంటివాటికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మేలు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100 నంబరుకూ ఫోన్ చేయవచ్చు. కోర్టుకెక్కితే పేరు బయటపడుతుందని వెనుకాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: పేరు మార్చి రాసేలా, విచారణను తలుపులు మూసి జరిపేలా కోర్టును కోరే వీలును ఈ చట్టమే కల్పించింది. ఊరి పెద్దమనుషుల పంచాయితీలో ఆ రక్షణ లేదు. ఖర్చు తక్కువ, తీర్పు త్వరగా వస్తుంది, నిజమే. కానీ రచ్చబండ దగ్గర చెప్పిన గుట్టు తెల్లారేసరికి ఊరంతా తిరుగుతుంది. భూమి వాటా తగాదాలో హెచ్‌ఐవీ మాట ఎత్తవలసిన అవసరమే లేకపోతే పంచాయితీకి వెళ్లవచ్చు, ఎత్తవలసి వస్తే వెళ్లవద్దు.

పూర్తిగా నయం చేస్తామనే ప్రకటనల గురించి ఒక్క మాట: ఎయిడ్స్‌ను నయం చేస్తామని చెప్పుకుని మందు అమ్మడాన్ని మన ఔషధ నిబంధనలే నిషేధించాయి. ఇది ఎంపికల జాబితాలోకే రాదు.

పక్కపక్కన చూస్తే

| సేవ | గుట్టు | దూరం, ఖర్చు | నిలకడ | దేనికి పనికొస్తుంది |
|---|---|---|---|---|
| పెద్ద ఏఆర్‌టీ సెంటర్ | జనంలో కలిసిపోవచ్చు | రోజంతా పోతుంది | గట్టిది | మందులు, పరీక్షలు, టీబీ, గర్భిణులు |
| లింక్ సెంటర్ | తెలిసినవారు ఎదురుపడవచ్చు | పూటలో తిరిగి రావచ్చు | గట్టిది | కుదురుకున్నవారికి నెలవారీ మందులు |
| కేర్ అండ్ సపోర్ట్ సెంటర్, నెట్‌వర్క్ | లోపలివారి మధ్య పదిలం | కార్యకర్తే రావచ్చు | నిధుల మీద ఆధారం | ధైర్యం, దరఖాస్తులు, కుటుంబంతో మాటలు |
| 1097 | పేరే అక్కరలేదు | ఖర్చు లేదు | గట్టిది | సమాచారం మాత్రమే |
| న్యాయ సేవాధికార సంస్థ | పేరు దాచమని కోరవచ్చు | జిల్లా కేంద్రానికి తిరగాలి | గట్టిది, నిదానం | ఆస్తి, భరణం |

ఎవరికి ఏది

గల్ఫ్ వీసా కోసం మెడికల్‌కు వెళ్లి హెచ్‌ఐవీ ఉందని అన్‌ఫిట్‌గా తేలి, ఇంటికి ఏం చెప్పాలో తెలియక తిరుగుతున్న యువకులు నిజామాబాద్, జగిత్యాల వైపు ఎప్పుడూ ఉంటారు. వారు ఆ ఒక్క కాగితాన్ని నమ్మి కుంగిపోకుండా ముందు ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీకి (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రానికి) వెళ్లాలి. అక్కడ మూడు రకాల కిట్లతో పరీక్షించాకే పాజిటివ్ అని నిర్ధారిస్తారు, ఉచితంగా. నిర్ధారణ అయితే ఎవరికీ చెప్పకముందే మందులు మొదలుపెట్టవచ్చు. వీరికి నెట్‌వర్క్‌లో తన వయసువాడు ఒకడు దొరకడం అన్నిటికన్నా పెద్ద సాయం.

ఊళ్లో ఉండే వితంతువుకు నా సలహా: మందులు దగ్గరి సెంటర్‌లో, పింఛను వితంతువుగా, భూమి తగాదా న్యాయ సేవాధికార సంస్థలో. సపోర్ట్ గ్రూప్‌కు మాత్రం కాస్త దూరమైనా పట్నంలోనిది ఎంచుకోవాలి. జీరో టికెట్ ఉంది, "ఆసుపత్రికి పోయొస్త" అంటే ఎవరూ ఆరా తీయరు.

గర్భిణి ఉన్న ఇంట్లో ఎంపిక గురించి తర్జనభర్జన వద్దు. ప్రసవం దాకా పెద్ద ఆసుపత్రిని వదలకూడదు. తల్లి మందులు తప్పకుండా వేసుకుని, బిడ్డకు పుట్టిన వెంటనే సిరప్ మొదలైతే బిడ్డకు సోకే ప్రమాదం చాలా తక్కువకు పడిపోతుంది. బిడ్డకు ఆరు వారాలకు మొదటి పరీక్ష, పద్దెనిమిది నెలలకు చివరి నిర్ధారణ. మధ్యలో పుట్టింటికీ అత్తింటికీ మారేవారు ఏ ఊళ్లో ఏ పరీక్ష జరుగుతుందో ముందే రాయించుకోవాలి.

తల్లిదండ్రులు పోయిన పిల్లలను సాకుతున్న అవ్వలకు, తాతలకు అందరూ మొదట హాస్టలో, అనాథాశ్రమమో సూచిస్తారు. దాన్ని చివరకు ఉంచండి. పిల్లల సంరక్షణకు ఉన్న ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద, బిడ్డ సొంత ఇంట్లోనే పెరిగేలా నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 మించకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి, 1098కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. అవ్వకు చేతకాని రోజు వస్తే ఏమిటన్న బెంగకు కూడా 2017 చట్టంలో ఒక ఏర్పాటు ఉంది: పన్నెండేళ్లు నిండి, ఇంటి వ్యవహారం నడపగల పరిణతి ఉన్న అన్నో అక్కో తమ్ముడి, చెల్లెలి బడి ప్రవేశానికీ, బ్యాంకు ఖాతాకూ, వైద్యానికీ సంరక్షకులుగా సంతకం పెట్టవచ్చు. బ్యాంకులో ఈ సంగతి తెలియనివారే ఎక్కువ కాబట్టి, మొదటిసారి వెళ్లేటప్పుడు బాలల పరిరక్షణ విభాగం నుంచి ఒకరిని వెంట తీసుకుని, బోనఫైడ్, ఆధార్, తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు ఒక కవరులో పెట్టుకుని వెళ్లండి. ఏఆర్‌టీ పుస్తకం ఆ కవరులో పెట్టకండి. బ్యాంకుకు దానితో పని లేదు.